ఫుకెట్‌లో సంక్రాంతి చేసుకోవచ్చా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఏటా సంక్రాంతికి అందరం అత్తగారింట్లోనే కలుస్తాం. ఈసారి డాలస్‌లో ఉండే మా మరిది, తోటికోడలు "అందరం ఫుకెట్‌లో కలుద్దాం, పిల్లలకి సముద్రం, మనకి పండగ" అంటున్నారు. మొత్తం పదకొండు మందిమి. మామగారికి 76, షుగర్. అత్తగారికి 72, మోకాళ్ల నొప్పులు. పిల్లలు నలుగురు, అందరిలోకీ చిన్నది మూడేళ్లది. అత్తగారు కాదనలేదు గానీ, "పండగ పూట పొయ్యి వెలిగించకుండా హోటల్లో కూర్చోవడమేంటమ్మా" అని ఒక్క మాటన్నారు. అది నా మనసులో ఉండిపోయింది. అక్కడ పండగ పండగలా చేసుకోవడం కుదురుతుందా? ఏం తీసుకెళ్లాలి, ఏం తీసుకెళ్లకూడదు?
ఒక కోడలు

సమాధానం: కుదురుతుంది. ఎలా కుదురుతుందో మీ అత్తగారు చెప్పనే చెప్పారు. పొయ్యి వెలగాలి. హోటల్లో నాలుగు గదులు తీసుకుంటే అది విహారయాత్రే అవుతుంది, పండగ అవదు. వంటిల్లున్న విల్లా ఒకటి తీసుకుని, అందులో మొదటి పొయ్యి అత్తగారి చేత వెలిగించండి. ఈ ఒక్కటీ ఖాయం చేసుకున్నాకే మిగతావి చూడండి.

ముందు టికెట్ల సంగతి. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు తిరుగు ప్రయాణం పెడితే అత్తగారు పైకి ఏమీ అనకపోయినా మనసులో బాధపడతారు. భోగికి ముందురోజు మధ్యాహ్నానికల్లా దిగి, ముక్కనుమ నాడు గానీ ఆ మర్నాడు గానీ తిరిగొచ్చేలా చూసుకోండి. సంక్రాంతి 2024లో జనవరి 15న వచ్చింది, 2025లో 14న వచ్చింది. కాబట్టి మీరు వెళ్లే ఏటి పంచాంగం చూశాకే డబ్బు కట్టండి. సంక్రమణ సమయానికి గంటన్నర కలిపితే ఫుకెట్ టైము వస్తుంది. అక్కడ జనవరిలో పొద్దు మన గడియారం ప్రకారం ఐదు గంటలకే గూకుతుంది. సంక్రమణం సాయంత్రం పూట పడే ఏడైతే ఏ రోజు చేసుకోవాలో మీ సిద్ధాంతిగారిని ముందే అడగండి. మామగారు తర్పణాలు వదిలేవారైతే ఇది మరీ ముఖ్యం.

హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానాలున్నాయి, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. పెద్దవాళ్లిద్దరికీ వీల్‌చెయిర్ కావాలని టికెట్ కొన్నప్పుడే చెప్పండి. మామగారి ఇన్సులిన్, మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, డాక్టరు చీటీ పక్కనే పెట్టండి. డాలస్‌కీ ఫుకెట్‌కీ పదమూడు గంటల తేడా. మీ మరిది వాళ్లు కనీసం రెండు రోజుల ముందు రావాలి. వాళ్ల పిల్లలు తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. భోగి నాడు మాత్రం అది కలిసొస్తుంది!

థాయ్‌లాండ్ వెళ్లే ప్రతి ఒక్కరూ, పసిపిల్లలతో సహా, ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి, రుసుమేమీ లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు రాయబార కార్యాలయం సైటు చూడండి.

ఇల్లు ఎంచుకోవడంలో చాలామంది ఒకచోట బోల్తా పడతారు. ఫొటోల్లో సముద్రం కింద ఎక్కడో నీలంగా కనిపించే విల్లా చూడగానే మనసు లాగేస్తుంది. అలా కనిపించిందంటే ఆ ఇల్లు కొండ మీద ఉన్నట్టే. కమలా, కటా వైపు ఇలాంటివి చాలా ఉన్నాయి. గేటు నుంచి గదికి నలభై మెట్లు, గది నుంచి ఈతకొలనుకి ఇంకో ఇరవై. అత్తగారి మోకాళ్లకు అది నరకం. బాంగ్ తావ్, నాయ్ యాంగ్ లాంటి చదునైన చోట వెతకండి. నాయ్ యాంగ్ విమానాశ్రయానికి దగ్గర, ఒడ్డున సరుగుడు చెట్ల నీడ ఉంటుంది, పెద్దవాళ్లు కుర్చీ వేసుకుని పొద్దంతా కూర్చోవచ్చు. పటాంగ్ రాత్రంతా హోరెత్తుతూ ఉంటుంది, పెద్దవాళ్లతో అక్కడ దిగొద్దు. సరుకులకు మాత్రం ఒకసారి వెళ్లండి, భారతీయ కిరాణా దుకాణాలు ఆ వైపు దొరుకుతాయి. విల్లాకు హోటల్ లైసెన్సు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. అవి లేకుండా అపార్టుమెంటు ఫ్లాట్లను నెల కంటే తక్కువకు అద్దెకివ్వడం అక్కడి చట్టానికి విరుద్ధం. పేచీ వస్తే సామానుతో రోడ్డు మీద నిలబడేది మీరే.

ఇంకో సంగతి. ఫుకెట్ పేరున్న బీచ్‌లన్నీ పడమటి ఒడ్డువి. మన సూర్యలంకలోనో మంగినపూడిలోనో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. అక్కడ సముద్రంలోకి దిగుతాడు. సూర్యుడికి పొంగలి నైవేద్యం పెట్టాలంటే బీచ్‌లో కాదు, ఇంట్లోనే తూర్పు వైపు తెరిపిగా ఉన్న చోటు కావాలి. బుక్ చేసే ముందు "వరండా ఏ దిక్కుకుంది, తూర్పున కొండ అడ్డముందా" అని అడగండి. జనవరిలో అక్కడ పొద్దు పొడిచేసరికి ఆరూ నలభై దాటుతుంది. కొండ అడ్డముంటే ఎండ కనిపించేసరికి ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక పొయ్యి. విల్లాల్లో ఎక్కువగా ఇండక్షన్ పొయ్యిలే ఉంటాయి. వాటి మీద ఇత్తడి గిన్నె పనిచేయదు, మామూలు అల్యూమినియం కుక్కరూ పనిచేయదు. పైగా పాలు పొంగి గాజు పలక మీద పడితే పొయ్యి దానంతటదే ఆగిపోతుంది, పాలు మాడి అంటుకుపోతాయి. పొంగించడమే పండగైన చోట ఇది పెద్ద చిక్కు. అక్కడి సూపర్‌మార్కెట్లలో చిన్న గ్యాసు డబ్బాతో వెలిగే బల్లపొయ్యి దొరుకుతుంది. అది కొని వరండాలో పెట్టండి, ఓనరుకు ముందే చెప్పండి. ఒక జాగ్రత్త మరవొద్దు. గ్యాసు డబ్బా ఉండే అర మీదికి వచ్చేంత వెడల్పు గిన్నె ఎప్పుడూ పెట్టకూడదు. గిన్నె వేడి డబ్బాకు తగిలి డబ్బా పేలుతుంది. సముద్రపు గాలికి అడ్డంగా ఏదైనా నిలబెట్టాలన్నా బర్నరుకు దూరంగా, ఒక్క వైపే నిలబెట్టండి. చుట్టూ మూసేస్తే వచ్చేదీ అదే ప్రమాదం. నూనె వంటలూ, హారతీ, అగరొత్తులూ అన్నీ వరండాలోనే చేయండి. గదుల్లో పొగ కనిపెట్టే అలారాలుంటాయి.

తీసుకెళ్లాల్సినవి తక్కువ, తీసుకెళ్లకూడనివే ఎక్కువ. కర్పూరం విమానంలో పనికిరాదు, అది మండే పదార్థాల జాబితాలో ఉంది. అగ్గిపెట్టెలూ వద్దు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువని దాన్నీ ఒప్పుకోరు. వత్తులు, కుంకుమ, పసుపు, ప్రమిదలు పట్టుకెళ్లండి. అగ్గిపెట్టె, కొబ్బరికాయ అక్కడ ఏ సందులోనైనా దొరుకుతాయి. హారతి నూనెవత్తితో ఇవ్వండి. రేగుపళ్లు, చెరుకు, వరికంకులు, తమలపాకులు లాంటి పచ్చి సరుకు థాయ్ అధికారులు తీసేసుకుంటారు, మొక్కలతో తెగుళ్లు వస్తాయని వాళ్ల భయం. గసగసాలు ఏ డబ్బాలోనూ, ఏ మసాలాలోనూ ఉండనివ్వొద్దు. మీ మరిది వాళ్లు దుబాయ్ మీదుగానో సింగపూర్ మీదుగానో వస్తే అక్కడ అవి నిషిద్ధం. ముగ్గుపిండి కూడా వద్దు. పేరు లేని తెల్లపొడి సంచి కస్టమ్స్ బల్ల మీదికెక్కితే అదేమిటో చెప్పుకునేసరికే పొద్దుపోతుంది.

అరిసెలు, సున్నుండలు, జంతికలు ఇంట్లో చేసి తీసుకెళ్లండి. అరిసెలు అక్కడ వండాలని చూడొద్దు. వాటికి తడిపిండి కావాలి, అక్కడ దొరికే పొడిపిండితో పాకం కుదరదు. నూనె బాగా ఒత్తేసి, పూర్తిగా ఆరాక, పొరకీ పొరకీ మధ్య కాగితం వేసి స్టీలు డబ్బాలో పెడితే విరగవు. ఆవకాయ పెద్ద సూట్‌కేసులో వెళ్లాలి, చేతిసంచిలో ఆపేస్తారు. నెయ్యి మోయక్కర్లేదు. ఉప్పు లేని వెన్న పావుకిలో అక్కడే కొని, సన్నమంట మీద పావుగంట కాస్తే 200 గ్రాముల నెయ్యి వస్తుంది.

భోగిమంట మాత్రం వదులుకోండి. విల్లాలో ఒప్పుకోరు, బీచ్‌లో అసలే కుదరదు. అక్కడ కొన్ని బీచ్‌లలో సిగరెట్టు కాల్చినా లక్ష బాత్‌ల దాకా జరిమానా ఉంది. ఇంకో కారణం కూడా ఉంది. మాయ్ ఖావ్ తీరంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, వెలుతురు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. మంటకు బదులు తెల్లవారుజామున వరండా గట్టు మీద పదకొండు ప్రమిదలు, మనిషికొకటి, వెలిగించండి. నలుగు, తలంటు ఎలాగూ ఉంటాయి.

భోగిపళ్లు చిన్నపిల్లలకు పోయాలి కదా, ముఖ్యంగా మూడేళ్లదానికి. అక్కడ ఆ నెలలో రేగుపళ్లు దొరుకుతాయి గానీ అవి నిమ్మకాయంత పెద్దవి. పసిపిల్ల నెత్తిన అవి పడితే దెబ్బే. అరంగుళం ముక్కలుగా తరిగి, నానబెట్టిన శనగలు, బంతి రేకులు, చెరుకు ముక్కలు కలపండి. చెరుకు మార్కెట్లో చెక్కు తీసి ముక్కలు కోసి అమ్ముతారు. చిల్లర నాణేలు కలిపితే పోసిన వెంటనే ఏరేయండి, మూడేళ్ల పిల్ల నోట్లో పెట్టుకుంటుంది. బంతిపూలకు లోటే లేదు. థాయ్‌వాళ్లు ఇంటి ముందు చిన్న గుళ్లకు రోజూ బంతిదండలు వేస్తారు కాబట్టి పొద్దున్నే ఏ బజారులో చూసినా గుట్టలుంటాయి. మామిడాకులు విల్లా తోటలోనే ఉండొచ్చు, అడిగి కోయండి.

ముగ్గు ఇసుకలో వేయాలని పిల్లలు సరదా పడతారు. పొడి ఇసుక మీద పిండి నిలవదు, గాలికి కొట్టుకుపోతుంది. అల వెనక్కి వెళ్లాక గట్టిపడ్డ తడి ఇసుక మీద పిండి లేకుండా వేలితోనో పుల్లతోనో గీయమనండి, గీత చక్కగా నిలుస్తుంది. గొబ్బెమ్మలు కూడా అక్కడే. ఆవుపేడ దొరకదు కాబట్టి తడి ఇసుక ముద్దలు చేసి, నడినెత్తిన ఒక్కో బంతిపువ్వు గుచ్చి, చుట్టూ తిరిగి పాడుకోవచ్చు. గుమ్మడిపువ్వు దొరికితే మరీ మంచిది. ఆటుపోట్లు రోజుకు రెండుసార్లు, రోజు రోజుకీ ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా వస్తుంటాయి. సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, ఆటుపోట్లు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి. అందుకే పోటు ఏ ఏడు ఏ వేళకొస్తుందో ముందు చెప్పలేం, ఆ వారం పట్టిక చూసుకుని, నీళ్లు తీస్తున్న వేళ పిల్లలను దింపండి. అయ్యాక పూలన్నీ ఏరి తెచ్చేయండి, సముద్రంలో వదలొద్దు. అసలు ముగ్గు మాత్రం విల్లా గుమ్మంలో తడి బియ్యప్పిండితో వేయండి. కొనేటప్పుడు జిగురు బియ్యప్పిండి కాకుండా చూసుకోవాలి, రెండు సంచులూ ఒకేలా ఉంటాయి.

పొంగలికి కొత్త బియ్యం కావాలి కదా. ఈ విషయంలో థాయ్‌లాండ్ మనకు చుట్టమే. వాళ్ల మల్లెబియ్యం పంట నవంబరు ప్రాంతంలో కోతకొస్తుంది. సంచి మీద "ఖావ్ మై", అంటే కొత్త బియ్యం, అని రాసి అమ్ముతారు. కొనేది జిగురు బియ్యం కాదని మళ్లీ ఒకసారి చూసుకోండి, దాంతో పొంగలి ముద్దయిపోతుంది. పదకొండు మందికి 400 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పెసరపప్పు, లీటరు పాలు, లీటరు నీళ్లు, అరకిలో బెల్లం, 100 గ్రాముల నెయ్యి సరిపోతాయి. గిన్నె ఐదు లీటర్లది, మూతి ఇరుకుగా, వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉండాలి. వెడల్పు గిన్నెలో పాలు పొంగవు, ఉడుకుతాయంతే. ముందు పాలు మాత్రమే పోసి, పెద్దమంట మీద తూర్పు వైపు పొంగనిచ్చి, అప్పుడు నీళ్లు పోసి కడిగిన బియ్యం, వేయించిన పప్పు వేయండి. కొత్త బియ్యం నీళ్లు తక్కువ తాగుతాయి, అందుకని నీళ్లలో ఒక గ్లాసు ఆపి చివర్లో చూసి కలపండి. పాల ప్యాకెట్టు మీద చక్కెర ఉందేమో చదవండి, అక్కడ తియ్యటి పాలు ఎక్కువ.

బెల్లం దగ్గరే చాలాసార్లు చెడుతుంది. ఉడుకుతున్న పాలల్లో బెల్లం వేస్తే అందులోని పులుపుకి పాలు విరుగుతాయి. బెల్లాన్ని వేరే గిన్నెలో కాసిని నీళ్లతో కరిగించి వడకట్టి, పొంగలి దించి ఐదు నిమిషాలు చల్లారాక కలపండి. బెల్లం మోయలేకపోతే అక్కడ తాటిబెల్లం దొరుకుతుంది, "నాం తాన్ తనోత్" అని అడగాలి. దాన్లో చక్కెర కలిపినవి ఉంటాయి, మరీ తెల్లగా ఉన్నది తీసుకోవద్దు. మామగారికి తియ్యని పొంగలి రెండు చెంచాలే. బెల్లం కలపకముందే ఒక గిన్నెడు తీసి, మిరియాలు, జీలకర్ర, నెయ్యితో ఆయనకు వేరే తాలింపు పెట్టండి. దాన్లోనూ అన్నం ఉంది కాబట్టి అది కూడా కొంచెమే.

కనుమ నాడు మినుము తినాలి. గ్రైండరు ఉండదు, మన మిక్సీ మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో పట్టదు. విల్లాలో జ్యూసు బ్లెండరుంటుంది, దాంతోనే గారెలు చేయొచ్చు. అరకిలో మినప్పప్పుకి ముప్పై అయిదు దాకా చిన్న గారెలొస్తాయి. నాలుగు గంటలే నానబెట్టండి, రాత్రంతా నానితే నూనె లాగేస్తుంది. పప్పు చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వడగట్టి, గుప్పెడు గుప్పెడు చొప్పున, ఐసునీళ్లు ఒక్కో చెంచా పోస్తూ రుబ్బాలి. బ్లెండరు తిరగట్లేదని గ్లాసుతో నీళ్లు పోశారంటే అది దోసెల పిండే. రుబ్బాక చేత్తో ఐదు నిమిషాలు ఒకే వైపుకి గిలక్కొట్టండి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. ఉప్పు వేయించబోయే ముందే కలపాలి, ముందే వేస్తే పిండి నీరుకారుతుంది. నాటుకోడి కావాలంటే మార్కెట్లో "కై బాన్" అనండి. వాళ్ల భాషలో ఆ మాటకు అర్థం ఇంటికోడి అనే. ఉడకడానికి మన నాటుకోడికి పట్టినంత సేపూ పడుతుంది. వేగాక నూనె సింకులో పోయొద్దు, చల్లార్చి సీసాలో పట్టండి.

ఒక పూట బయట తింటే, పండగ పూట నీసు, ఉల్లి, వెల్లుల్లి ముట్టని పెద్దవాళ్ల కోసం "జే" అని రాసిన పసుపుజెండా ఉన్న అంగడి చూడండి. ఆ వంటలో మాంసం, చేపసాసు, గుడ్డే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. ఉత్త "శాకాహారం" అంటే సరిపోదు, చేపసాసు పడిపోతుంది.

సముద్రం దగ్గర ముఖ్యంగా చూడాల్సింది గాలి. జనవరిలో ఆ తీరంలో అలలు తక్కువే. కానీ గాలి ఈశాన్యం నుంచి, అంటే నేల మీద నుంచి సముద్రం వైపుకి వీస్తుంది. ఒడ్డున నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తుంటే గాలిట్యూబు మీద కూర్చున్న పిల్లాడు ఐదు నిమిషాల్లో లోపలికి జరిగిపోతాడు. ట్యూబులు, గాలిపరుపులు సముద్రంలో వద్దు, ఈతకొలనులోనే. గాలిపటాలకు మాత్రం ఆ గాలి హాయిగా ఉంటుంది. మాంజా కాక నూలుదారం, ప్లాస్టిక్ కాక కాగితం వాడండి. పారాచూట్ కట్టి లాగే పడవలు తిరిగే చోటా, విమానాశ్రయం పక్కనున్న నాయ్ యాంగ్, మాయ్ ఖావ్ బీచ్‌లలోనూ ఎగరేయకూడదు.

జెల్లీచేప కుడితే ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. వెనిగరు అరనిమిషం ధారగా పోయాలి. చాలా బీచ్‌లలో వెనిగరు సీసా స్తంభానికి కట్టి ఉంటుంది, అయినా ఒకటి సంచిలో పెట్టుకోండి. ఊపిరాడకపోయినా, మనిషి తేలిపోతున్నట్టున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామగారు ఇసుకలో ఒట్టికాళ్లతో అడుగు వేయకూడదు. షుగర్ ఉన్నవాళ్లకు అరికాలు మొద్దుబారి ఉండొచ్చు, అలాంటప్పుడు ఇసుక కాలినా, గవ్వ గుచ్చుకున్నా తెలియదు. నీళ్లలోకీ పట్టీ ఉన్న చెప్పులతోనే దిగమనండి, సాయంత్రం కాళ్లు కడిగి, తుడిచి, వేళ్ల మధ్య ఎవరైనా చూడాలి. అత్తగారికి మోకాలి లోతు నీళ్లలో నిలబడితే హాయిగానే ఉంటుంది, పక్కన చెయ్యి పట్టుకునే మనిషి ఒకరుండాలి. గాజులు, ఉంగరాలు ఇంట్లోనే పెట్టి రమ్మనండి, నీళ్లలో వేళ్లు ముడుచుకుని జారిపోతాయి. పగడాల ముక్కలు పిల్లలు సంచిలో వేసుకోకుండా చూడండి, అది అక్కడ నేరం.

ఆఖరుగా, అత్తగారి మనసులో ఇంకోటి ఉండి ఉంటుంది, పైకి చెప్పి ఉండరు. తణుకు దగ్గర ఇంటికి తాళం పడితే భోగి నాటి పొద్దున్న హరిదాసు గుమ్మం ముందు ఆగి వెనక్కి పోతాడు. గంగిరెద్దులవాళ్లూ అంతే. ఆమె అడగకముందే పక్కింటివాళ్ల దగ్గర ఓ కుంచెడు బియ్యం, కొన్ని పదుల నోట్లు, పాత పంచె ఒకటి ఇచ్చి వెళ్లండి. పాలేరుకీ పనమ్మాయికీ బట్టలు బయల్దేరే ముందే అత్తగారి చేత పెట్టించండి. గొడ్లుంటే కనుమ నాడు కొమ్ములకు పసుపు రాసి పొంగలి పెట్టేదెవరో ఆమె ఎదుటే మాట్లాడి ఖాయం చేయండి. మీ గుమ్మంలో మూడు రోజులూ ముగ్గు పడేలా ఎవరికైనా అప్పగించండి, పడిన ముగ్గు ఫొటో పొద్దున్నే పంపమనండి. ఫుకెట్‌లో పొంగలి దించాక ఆ ఫొటో అత్తగారికి చూపించండి.